ఎవరి బెత్తెడు?

మా మరదలి ఎత్తు గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తరు. ఎత్తితే ఆ పూట తిండి సంగతి వాళ్ళే చూసుకోవాలి. నేను ఆడపడుచుని కాబట్టి నాకు కాస్త చనువుంది. ఆ చనువును ముప్పై ఏళ్ళుగా వాడుకుంటూనే ఉన్నాను, ఇంకా అరగలేదు. మా పుట్టింటివాళ్ళమంతా గుమ్మాలకు తల కొట్టుకునే రకం. మా తమ్ముడు కట్టుకొచ్చిన ఈవిడ మాత్రం నా భుజం దాకా కూడా రాదు. నా చెవిలో ఏదైనా రహస్యం చెప్పాలంటే ముందు నన్ను కూర్చోమంటుంది.

మనిషి చిన్నదే గానీ ఇంట్లో కొలతలన్నీ ఆవిడవే. మా ఇంట్లో టేపు అనే వస్తువు లేదు. ఏది కొలవాలన్నా ఆవిడ చెయ్యి చాపుతుంది. కిటికీ తెర మూడు జానలు, మంచం కోడు మూరెడు, అరకీ అరకీ మధ్య ఖాళీ రెండు బెత్తెలు. వడ్రంగి మా గడప తొక్కితే ముందు ఆవిడ చెయ్యి చూపించమని అడుగుతాడు. అలా కట్టిన వంటింట్లో గిన్నెలు కడగాలంటే నేను నడుం వంచి అలాగే ఉండిపోవాలి. ఈ మాట అన్నానంటే, ఇల్లు ఎవరిదో గుర్తు చేసుకోండి వదినా అంటుంది.

ఆవిడ పని పాలబండి నడపడం. అసలు బండి మా తమ్ముడిది, వెనక తొట్టి ఉన్న పికప్పు. తెల్లారేసరికి వీధి వీధీ తిరిగి పాల క్యాన్లు ఎక్కించుకుని, ఎనిమిదిలోపు పాలకేంద్రం గేటు దాటించాలి. ఎనిమిది దాటితే గేటు మూసేస్తారు, పాలు మన నెత్తిన పడతాయి. పద్నాలుగేళ్ళ క్రితం తమ్ముడి వెన్నుపూస జారి, వాడు మంచం దిగలేని రోజున, రెండు దిండ్లు సీటు మీద వేసుకుని ఈవిడ బండెక్కింది. మొదటివారం ఎదురొచ్చినవాళ్ళకు స్టీరింగు వెనక మనిషే కనిపించక, గుండె గుభేలుమని పక్కకు తప్పుకునేవారు. అందువల్ల దారంతా ఖాళీగా ఉండేదని ఆవిడ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

నేను మూడేళ్ళ క్రితం తపాలా ఆఫీసులో పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చుంటే, కూర్చుని తింటే మోకాళ్ళు పట్టేస్తాయి బండెక్కండి అని లాక్కుపోయింది. అప్పటినుంచి నా ఉద్యోగం వెనక తొట్టిలో నిలబడటం. కింద ఉన్నవాళ్ళు క్యాన్ ఎత్తి అందిస్తే, నేను అందుకుని వరసలో పెట్టి మూత బిగిస్తాను. మరదలు కిందికి దిగి, క్యాన్ అడుగున చెయ్యేసి పైకి తోస్తుంది. ఒక్కొక్కటి ఇరవై లీటర్లు. ఈ వయసులో నాకిది అవసరమా అని రోజూ అనుకుంటాను, మర్నాడు అందరికన్నా ముందు చెప్పులేసుకునేదీ నేనే.

ఈ ఏడు కింది వీధుల్లో రెండు పెద్ద కొట్టాలవాళ్ళు సొంతంగా బండి కొనుక్కున్నారు. మా తొట్టి సగం ఖాళీ అయిపోయింది. ఇలాగైతే వానాకాలం దాటేలోపు బండి అమ్ముకోవడమేనని తమ్ముడు తేల్చేశాడు. మరదలు చీపురు పట్టుకుని ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది. అప్పుడే పాలకేంద్రం సూపర్‌వైజరు పై దారి గురించి చెప్పాడు. వాగు అవతల గుట్టవాలున పద్నాలుగు ఇళ్ళున్నాయి. అక్కడికి ఒక ట్రాక్టరతను బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళేవాడు, పుట్టనప్పుడు పాలు విరిగేవి. మూడు రోజులు వరసగా, పద్నాలుగు ఇళ్ళ క్యాన్లూ ఎనిమిదిలోపు తెచ్చి చూపిస్తే పై దారి మీకే, లేకపోతే ట్రాక్టరుకే రాసిస్తాను అన్నాడు.

ఆ సాయంత్రమే ఖాళీ బండితో దారి చూడ్డానికి వెళ్ళాం. వాగు దాటాక ట్రాక్టరు చక్రాలు రెండు పక్కలా లోతుగా కోసేసి, మధ్యలో మట్టి గట్టు కట్టింది. మా బండి వెనక ఇరుసు మధ్యన గుండ్రటి ఇనుప గుల్ల ఒకటి వేలాడుతుంటుంది. అది వెళ్ళి ఆ గట్టు మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. చివరికి ఆ ట్రాక్టరతనే వచ్చి తాడేసి లాగాడు. లాగినంతసేపూ పళ్ళికిలిస్తూనే ఉన్నాడు. మరదలు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదంటే పరిస్థితి మీరే ఊహించుకోండి.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆరడుగుల మనిషి, చేతులు చేటలంత ఉంటాయి, గొంతు మాత్రం చిన్నపిల్లాడిది. మరదలు వెళుతూనే బండిని బాగా పైకి లేపెయ్యమంది. అతను ఓపిగ్గా చెప్పాడు. స్ప్రింగుల దగ్గర లేపితే పైకి లేచేది బండి ఒళ్ళే, ఇరుసు ఎక్కడుందో అక్కడే ఉంటుందట. ఇరుసు లేవాలంటే టైరు పెరగాలి, అదీ టైరు మూడంగుళాలు పెద్దదైతే ఇరుసు లేచేది ఒకటిన్నరే. నెత్తిన కొప్పు పెట్టుకున్నంత మాత్రాన కాళ్ళు పొడుగవుతాయా అని నేను అర్థం చేసుకున్నాను. పైకి కూడా అన్నాను. మరదలు నా వంక చూసిన చూపుకి షెడ్డులో ఇంకొకరైతే మాడిపోయేవాళ్ళు.

మరి అలాంటప్పుడు ఒళ్ళు లేపడం దేనికని ఆవిడ అడిగింది. పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉండటానికి, అంతకుమించి అవసరం లేదన్నాడు. ముందు స్ప్రింగుల మీద ఇనుప కడియాలు, వెనక ఇరుసుకీ కమాను పట్టీలకీ మధ్య ఇనుప దిమ్మలు పెడితే సరి. ఎంత ఎత్తు దిమ్మలో ఆలోచించుకుని ఫోన్ చెయ్యమన్నాడు, కాస్త చాలన్నాడు. మేం ఇంటికొచ్చాం. తమ్ముడు ఫోన్ పట్టుకుని ఎంత చెప్పమంటావే అని అడిగాడు. ఆవిడ నాలుగు వేళ్ళు కలిపి అడ్డంగా చూపించింది. మా ఇంటి లెక్క ప్రకారం అది రెండంగుళాల పైన గోరంత. తమ్ముడు ఫోన్‌లో "బెత్తెడు" అన్నాడు, పెట్టేశాడు.

బండి ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. టైర్లు నల్లగా నిగనిగలాడుతూ, వేలు దూరేంత గళ్ళతో, గుండ్రంగా, ఏదో బలిసిన జంతువు పాదాల్లా ఉన్నాయి. ఇక ఆ ఎత్తు! వీధిలో జనం బయటికొచ్చి చూశారు. తమ్ముడు చుట్టూ తిరిగి బాగానే లేపాడే అన్నాడు. మరదలు మాత్రం వెనక్కి వెళ్ళి, వంగి, దిమ్మ పక్కన చెయ్యి ఆనించింది. నాలుగు వేళ్ళు పెట్టింది. దాని మీద ఇంకో మూడు వేళ్ళు పట్టాయి. అటూ ఇటూ చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. నేను చూశాను. సరిపోయిందా అని అడిగాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది వదినా అంది, మొహమంతా వెలిగిపోతూ. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పే, కానీ చూడ్డానికి నాకూ భలే సరదాగా ఉంది.

ఎక్కడానికి ముక్కాలిపీట కావాల్సొచ్చింది. దానికి తాడు కట్టింది. పీటెక్కి, సీట్లో కూర్చుని, తాడుతో పీటను పైకి లాగేసుకుంటుంది, బావిలో చేద లాగినట్టు. ఆ సాయంత్రం ఊరికే వీధి చివరిదాకా వెళ్ళొద్దామంది. వెళ్ళొచ్చాం. మళ్ళీ వెళ్ళాం. మూడోసారి తమ్ముడు వెన్నునొప్పి కూడా మర్చిపోయి ఎక్కి కూర్చున్నాడు. పక్కింటి గోడ మీంచి వాళ్ళ పెరట్లో ఏం ఆరేసుకున్నారో ఆవిడకి కనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ గోడ వెనక ఏముందో తెలియదు వదినా అని ఒకటే నవ్వు. టైరు పెద్దదైతే స్పీడు ముల్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందని తమ్ముడు చెప్పాడు. ఈ ఇంట్లో ముల్లు కూడా తక్కువచేసి చూపించేదేనా అంది. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

మొదటిరోజు పై దారి ఎక్కాం. గట్టు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ఇరుసు గట్టుకి తగల్లేదు. టైర్లు బురదను పట్టుకుని ఒక్కో అడుగూ ఎక్కుతుంటే మరదలు స్టీరింగుతో ముచ్చట్లాడుతోంది, బతిమాలుతోంది, పొగుడుతోంది. పైకి చేరేసరికి పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళూ క్యాన్లతో వాలు మీద నిలబడి ఉన్నారు. అందరికన్నా చివరింట్లో ఒక అవ్వ ఉంది. చిన్న అవ్వ, ఎండుపుల్లలాంటి చేతులు, ఒంటరిగా రెండు గేదెల్ని సాకుతుంది. ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, క్యాబిన్ కిటికీలోకి తలెత్తి చూసి, పక్కామెతో అంది: "ఎంత పొడుగు మనిషమ్మా!"

నేను తొట్టిలోంచి విన్నాను. మరదలు కూడా విన్నది. ఎలా తెలుసంటే, కిటికీలో కనిపించే తల ఇంకో రెండంగుళాలు లేచింది. ఎప్పుడూ దిగి క్యాన్ అడుగున చెయ్యేసే మనిషి ఆరోజు దిగలేదు. వాలుగా ఉంది, బ్రేకు మీంచి కాలు తీయకూడదంది. పెద్ద రాణిలా కూర్చుని, కిటికీలోంచి చెయ్యూపుతూ, ముందు ఆ క్యాన్, తర్వాత ఈ క్యాన్ అని పురమాయించింది. కిందివాళ్ళు రొమ్మెత్తుకు ఎత్తి అందించలేక ఆపసోపాలు పడ్డారు, నేను వంగి లాగలేక నా ప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదికి నాలుగు నిమిషాలుండగా గేటు దాటాం. పద్నాలుగు క్యాన్లూ లెక్క సరిపోయాయి. ఇంటికొచ్చే దారంతా, విన్నారా వదినా, విన్నారా, అదొక్కటే మాట. వినకపోతే కదా.

రెండోరోజు మేం వాగు దాటుతుండగానే పైనుంచి కేకలు వినిపించాయి, పొడుగమ్మ వచ్చేస్తోందని. ఒక్కరోజులో పేరు పెట్టేశారు. మరదలి మొహం చూడాలి! యాభై రెండేళ్ళొచ్చాయి, ఎవరి నోటా ఆ మాట వినలేదు పాపం. పాతికమంది చేత పొట్టి అనిపించుకున్న మనిషి ఇప్పుడు ఆకాశంలో ఉంది, దిగమంటే ఎలా దిగుతుంది? ఆ పీట కిందికి వదలాలి, అందరి ముందూ వేలాడుతూ దిగాలి, దిగాక ఉన్నదేమిటో కనబడిపోతుంది. ఇవాళ కూడా బ్రేకు కథే చెప్పింది.

పదమూడు క్యాన్లు ఎక్కాయి. చివరది అవ్వది. పక్కవాళ్ళు అప్పటికే అలిసిపోయి పక్కకు జరిగారు. అవ్వ తనే ఎత్తింది. నడుం దాకా లేపింది, మోకాలు ఆనించి రొమ్ము దాకా తెచ్చింది, అక్కడినుంచి పైకి తొయ్యలేకపోయింది. నేను వంగి చేతులు చాపాను. నా వేళ్ళకు పిడి తగిలింది, పట్టు దొరకలేదు. క్యాన్ ఆవిడ భుజం మీంచి జారి బోర్లా పడింది. ఇరవై లీటర్ల పాలు వాలు వెంట కాలవ కట్టాయి. మూత వెతికి తీసుకుంది, ఖాళీ క్యాన్‌కి పెట్టింది, చేతులు తుడుచుకుంది. రేపట్నుంచి నా పాలు వదిలెయ్యండమ్మా, నా చేతికి అందవు అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర సూపర్‌వైజరు పై దారి క్యాన్లు పదమూడే లెక్కపెట్టి పెన్ను ఆపాడు. ఒలికిన సంగతి నేనే చెప్పాను. ఇవాళ్టికి చూడనట్టు ఊరుకుంటాను, రేపు పద్నాలుగూ రాకపోతే ట్రాక్టరుకి రాసేస్తాను అన్నాడు. అందులో అతని తప్పేం లేదు. తిరుగుదారిలో మరదలు బండి పక్కకు తీసి ఆపింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంది.

"ఆ పాలు ఒలకబోసింది అవ్వ కాదు వదినా, నేను. బండి ఇంటికొచ్చిన రోజే కొలిచాను. ఎక్కువుందని తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

నేను కూడా చూశాను, నేను కూడా నోరు మూసుకున్నాను అన్నాను. తర్వాత ఆవిడ ముక్కు చీదుకుని, బండి నేరుగా మెకానిక్ షెడ్డుకి తిప్పింది.

దించు అంది. అతను బిత్తరపోయాడు. చెప్పినంతే లేపాను కదమ్మా, బెత్తెడే కదా అన్నాడు. ఇదా బెత్తెడు అని ఆవిడ తన చెయ్యి బల్ల మీద పెట్టింది. మరిదేమిటమ్మా అని అతను తన చెయ్యి పక్కన పెట్టాడు. రెండు చేతులూ పక్కపక్కనే చూసేసరికి అందరికీ సంగతి అర్థమైంది. ఆవిడ నాలుగు వేళ్ళూ కలిపితే అతని రెండు వేళ్ళకి కాస్త పైన ఉన్నాయి, అంతే. ఫోన్‌లో ఎవరి బెత్తెడో మా తమ్ముడు చెప్పలేదు, ఎవరి బెత్తెడని ఇతను అడగలేదు. ముందు అతనే నవ్వాడు, ఆ చిన్నపిల్లాడి గొంతుతో కిచకిచమంటూ. నవ్వు ఆపుకోలేక రెంచీ కింద పడేశాడు. మరదలు నవ్వకూడదని చాలా ప్రయత్నం చేసింది గానీ వల్లకాలేదు.

నవ్వులయ్యాక ఆవిడకి ఒకటే భయం. దించితే మళ్ళీ గట్టు మీద కూర్చుంటామేమోనని. ఇరుసును మోసేది టైరు, దిమ్మ కాదు, మొదటిరోజు చెప్పిందే కదమ్మా అన్నాడు. రెండంగుళాలుంటే టైరు ఎక్కడా రాసుకోదు, మిగతాదంతా షోకే. ఆ షోకే తీసెయ్యమంది. టైర్ల జోలికి మాత్రం వెళ్ళావంటే ఊరుకోనంది. పొద్దు వాలేలోపు కొత్త దిమ్మలు పడ్డాయి, ఆవిడ దగ్గరుండి నాలుగు వేళ్ళతో కొలిపించుకుంది. ముక్కాలిపీట తాడు విప్పేసింది.

మూడోరోజు సంగతి ముందే చెప్పేస్తున్నాను. గట్టు దాటాం, ఎనిమిదికి ఆరు నిమిషాలుండగా గేటు దాటాం, పద్నాలుగు క్యాన్లూ దించాం, పై దారి మాకు రాశారు, బండి అమ్మే మాట మా తమ్ముడు మళ్ళీ ఎత్తలేదు. ఇది ముందే ఎందుకు చెప్పానంటే, నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

పైన బండి ఆగగానే పొడుగమ్మ వచ్చిందని అందరూ చేరారు. మరదలు ఇంజను ఆపింది. తలుపు తీసింది. ఒక్క దూకు దూకి నేల మీద నిలబడింది. నేను తొట్టిలోంచి ఒక చెవితో వింటూ, ఒక కంటితో చూస్తూ అంచు దగ్గరికి జరిగాను. ఆవిడ ఎవరి వంకా చూడకుండా వెనక టైర్ల కింద రాళ్ళు అడ్డం పెట్టి, మొహం కందగడ్డలా చేసుకుని, పద్నాలుగో ఇంటి వైపు నడిచింది. అవ్వ గుమ్మంలోకి వచ్చింది. తలెత్తి చూడబోయి, అక్కడెవరూ లేక, కళ్ళు కిందికి దించింది.

"నువ్వేనా పొడుగమ్మవి?"

"నేనే అవ్వా. ఉన్నది ఇంతే. క్యాన్ పట్టు, ఇద్దరం ఎత్తుదాం."

ఇద్దరూ రెండు పిడులూ పట్టుకుని తెచ్చారు. అంచు దాకా వాళ్ళే లేపారు, నేను ఊరికే లోపలికి లాక్కున్నాను. మిగతా పదమూడూ చకచకా ఎక్కేశాయి. నేను మూతలు బిగించి టైమైపోతోందని కేకేశాను. కానీ అవ్వ మరదలి చెయ్యి వదల్లేదు. ఎగాదిగా చూస్తోంది, చుట్టూ తిరిగి చూస్తోంది. ఉన్నట్టుండి ఆవిణ్ణి తిప్పి, తన వీపుకు వీపు ఆనించి నిలబడి, చూడండే, చూడండే, ఎవరు ఎత్తు అని కేకలు పెట్టింది. పక్కామె ఇద్దరి నెత్తుల మీదా అరచెయ్యి పెట్టి చూసి, అవ్వే ఎత్తంది. ఒక్క వేలు.

అవ్వకి నోట్లో ఉన్నవి నాలుగే పళ్ళు, నాలుగూ కనిపించాయి. ఈ గుట్ట మీద కాపురానికొచ్చి అరవై ఏళ్ళు, పుట్టిన పిల్లలు కూడా పదేళ్ళకే నన్ను దాటిపోయారు, ఇన్నాళ్ళకు నాకన్నా పొట్టిది దొరికిందమ్మా అని చప్పట్లు చరిచింది. ఇంతకుముందు ఎవరైనా ఆ మాట అని ఉంటే మా మరదలు వాళ్ళ ఏడు తరాల్నీ లేపి కూర్చోబెట్టేది. ఆవిడ మొహం చూద్దామని తొట్టిలోంచి వంగాను. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వుతోంది. నేను గడియారం చూపించి మళ్ళీ అరిచాను.

"ఉండండి వదినా," అంది, వీపు ఇంకొంచెం నిటారుగా అవ్వ వీపుకి ఆనించి. "అవ్వని ఇంకోసారి కొలుచుకోనివ్వండి."